పాత స్టీరియో రిసీవర్: ఒళ్ళు అరిగింది గానీ భాష పాతబడలేదు

1976లో తయారైన రిసీవర్ వెనకాల ఆక్స్ అని రాసుండే రెండు గుండ్రటి సాకెట్లలో నిన్న కొన్న స్ట్రీమర్ (ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చే డబ్బా) పిన్నులు గుచ్చితే పాట వచ్చేస్తుంది. మధ్యలో యాప్ లేదు, అప్‌డేట్ లేదు, ఈ డివైస్ సపోర్ట్ చెయ్యదు అనే మెసేజ్ లేదు. ఆ సాకెట్ అడిగేది ఒక్కటే, పాట ఎలా ఊగితే అలా ఊగే చిన్న ఏసీ వోల్టేజ్, అది ఎవరిస్తున్నారు అనేది దానికి అనవసరం. ఇప్పుడు 2005 ప్రాంతంలో వచ్చిన ఒక హోమ్ థియేటర్ ఏవీ రిసీవర్‌ని పక్కన పెట్టి చూడండి. వయసులో దాదాపు ముప్పై ఏళ్ళు చిన్నది. కానీ దాని హెచ్‌డీఎంఐలోంచి 4కె బొమ్మ పోదు, టీవీ సౌండ్ వెనక్కి తెచ్చే ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో గానీ రాలేదు కాబట్టి అదీ ఉండదు, తర్వాత పుట్టిన సరౌండ్ ఫార్మాట్లు దానికి అర్థమే కావు. లోపల పార్టులు శుభ్రంగా ఉన్నా అది మాట్లాడే భాష ఎవరూ మాట్లాడట్లేదు, అదీ దాని సమస్య. స్టీరియో రిసీవర్‌ది సరిగ్గా రివర్స్. భాష ఇంకా చెల్లుతోంది, ఒళ్ళు మాత్రం ముసలిదైపోయింది. పాతది వాడాలా వద్దా అనే చర్చలో చాలామంది ఈ రెండు రకాల ముసలితనాన్ని కలిపేసి మాట్లాడతారు, అందుకే ఒకళ్ళు అది బంగారం అంటారు, ఇంకొకళ్ళు తుక్కు అంటారు, ఇద్దరూ నిజమే చెప్తున్నట్టు ఉంటుంది.

రిసీవర్ అంటే మూడు పెట్టెలు ఒకదాంట్లో. రేడియో పట్టే ట్యూనర్, ఏ సోర్స్ వినాలో ఎంచుకుని బేస్ ట్రెబుల్ వాల్యూమ్ సర్దే ప్రీయాంప్, స్పీకర్‌ని తోసే పవర్ యాంప్. హార్మన్ కార్డన్ వాళ్ళు 1954లో ఫెస్టివల్ డీ1000 పేరుతో ఇలాంటిది మోనోలో తెచ్చారు. అమెరికాలో ఎఫ్ఎం స్టీరియో ప్రసారాలు 1961 జూన్‌లో మొదలయ్యాక స్టీరియో రిసీవర్‌కి అసలు గిరాకీ వచ్చింది, మొదట్లో ట్యూబులు, ఆ దశాబ్దం చివరికి ట్రాన్సిస్టర్లు. కానీ ఇవాళ వింటేజ్ రిసీవర్ అనగానే అందరి కళ్ళ ముందూ వచ్చేది మాత్రం 70ల నాటి జపాన్ సరుకే, వెండి రంగు ముఖం, చెక్క డబ్బా, వెలిగే డయల్, తిప్పితే బరువుగా జారే ట్యూనింగ్ నాబ్. పయనీర్, సాన్సుయి, కెన్‌వుడ్, యమహా, టెక్నిక్స్, ఇంకా అప్పటికి జపాన్‌లో తయారవుతున్న మరాంట్జ్.

ఆ కాలం ఎందుకంత గట్టిగా తయారు చేసింది అనేదానికి ఒక కారణం పోటీ, ఇంకో కారణం ఒక రూలు. 60ల్లో యాంప్ కంపెనీలు వాట్లు ఇష్టమొచ్చినట్టు రాసుకునేవి, పీక్ అని, మ్యూజిక్ పవర్ అని, తర్వాత కాలంలో ప్లాస్టిక్ డెక్కుల మీద కనబడ్డ పీఎంపీఓ అనే ఉబ్బించిన లెక్కలకి అవి తాతలు. 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక రూలు తెచ్చింది. పవర్ అని చెప్తే అది ఆగకుండా ఇవ్వగలిగే పవర్ అయ్యుండాలి, రెండు ఛానెళ్ళూ ఒకేసారి నడవాలి, ఎన్ని ఓమ్‌ల లోడు (స్పీకర్ కరెంట్‌కి ఇచ్చే అడ్డు), ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా, ఎంత డిస్టార్షన్ అనేది పక్కనే చెప్పాలి, పైగా కొలిచే ముందు యాంప్‌ని మూడో వంతు పవర్ దగ్గర గంటసేపు నడిపి వేడెక్కించాలి. ఈ చివరి షరతు చిన్నదిగా కనిపిస్తుంది గానీ అప్పటి మామూలు డిజైన్ అయిన క్లాస్ ఏబీ యాంప్‌కి ట్రాన్సిస్టర్లు బాగా వేడెక్కేది దాదాపు ఆ లెవెల్ దగ్గరే, అందుకని తప్పించుకునే దారి లేక వేడిని బయటికి పంపే పెద్ద హీట్ సింకులు పెట్టాల్సొచ్చింది. ఆ రోజుల్లో 30 వాట్లు అని రాసుంటే అది నిజంగా 30 వాట్లు. మరాంట్జ్ 2230, 2245, 2270 లాంటి మోడళ్ళకి చివరి రెండంకెలే ఛానెల్‌కి వాట్లు.

తర్వాత పిచ్చి ముదిరింది. పయనీర్ ఎస్ఎక్స్-1250 1976లో 160 వాట్లు, రెండేళ్ళకి ఎస్ఎక్స్-1980 ఛానెల్‌కి 270 వాట్లు, బరువు 35 కిలోల పైమాటే, మరాంట్జ్ 2600 300 వాట్లు, టెక్నిక్స్ ఎస్ఏ-1000 330 వాట్లు. వీటికోసం ఇవాళ్టికీ జనం ఎగబడతారు. కానీ చెవి వాట్లని లెక్కపెట్టే పద్ధతి వేరు. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే తేడా తెలుస్తుంది అంతే. రెండింతలు గట్టిగా అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, దానికి పవర్ పదింతలు కావాలి. 30 వాట్ల బుజ్జి రిసీవర్‌కీ 270 వాట్ల కొండకీ మధ్య ఉన్నది తొమ్మిది రెట్లు, సుమారు 9.5 డెసిబెల్స్, అంటే అన్నేసి కిలోలు మోసి అంత ఖర్చు పెట్టి తెచ్చుకునేది రెండింతల శబ్దం కూడా పూర్తిగా కాదు. 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న మామూలు స్పీకర్ ఒక్క వాట్‌కే మీటర్ దూరంలో 87 డెసిబెల్స్ ఇస్తుంది, అది గదిలో మాట వినబడనంత గోల. పాటలో ఒక్కసారిగా లేచే పీక్స్ కోసం కొంత మిగులు ఉండాలి, నిజమే, కానీ మామూలు గదికి 30 నుంచి 60 వాట్ల రిసీవర్ చాలు. పైగా చిన్నవాటిలో పార్టులు తక్కువ, వేడి తక్కువ, రిపేర్ సులువు. పెద్దవి చూడ్డానికి అద్భుతం, ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

ఇక ఇవాళ్టి సోర్స్‌ని కలపడం. ఆక్స్ అయినా టేప్ ఇన్ అయినా ఒకటే, రెండూ లైన్ ఇన్‌పుట్‌లే, టేప్ డెక్ లేనంత మాత్రాన ఆ సాకెట్ ఖాళీగా వదిలెయ్యక్కర్లేదు, బ్లూటూత్ డబ్బా దాంట్లో పెట్టుకోవచ్చు. పెట్టకూడనిది ఒక్క ఫోనో. అది 2.5 మిల్లీవోల్టుల చుట్టుపక్కల వచ్చే రికార్డ్ ప్లేయర్ సిగ్నల్ కోసం చేసింది, దాంట్లో డాక్ (డిజిటల్ పాటని అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డబ్బా) ఇచ్చే 2 వోల్టుల అవుట్‌పుట్ పెడితే 800 రెట్లు ఎక్కువ ఇచ్చినట్టు, పైగా రికార్డుల కోసం పెట్టుకున్న ఆర్ఐఏఏ కర్వ్ అనే ప్రమాణం ప్రకారం అది 20 హెర్ట్జ్ దగ్గర బేస్‌ని దాదాపు 20 డెసిబెల్స్ లేపి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర ట్రెబుల్‌ని అంతే నొక్కుతుంది, వచ్చేది పాట కాదు బురద.

లైన్ ఇన్‌పుట్‌లో కూడా ఒక తిరకాసు ఉంది, దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. 70ల రిసీవర్లకి ఆక్స్ సెన్సిటివిటీ సాధారణంగా 150 మిల్లీవోల్టులు, అంటే వాల్యూమ్ పూర్తిగా తిప్పినప్పుడు అంత వస్తే చాలు ఫుల్ పవర్ వచ్చేస్తుంది. సీడీ ప్లేయర్లు వచ్చాక 2 వోల్టుల అవుట్‌పుట్ అలవాటైపోయింది, ఇప్పటి డాక్‌లూ స్ట్రీమర్లూ అదే పాటిస్తున్నాయి. అది పదమూడు రెట్లు ఎక్కువ, డెసిబెల్స్‌లో 22 పైన. దాంతో వాల్యూమ్ నాబ్ గడియారంలో 9 దాటక ముందే గోడలు అదురుతాయి, "అబ్బో ఎంత పవర్" అని మురిసిపోతాం, నిజానికి అది పవర్ కాదు, గేట్లు ఎక్కువ తెరిచిన కాలవ, చెరువులో నీళ్ళు అన్నే ఉన్నాయి. దీనివల్ల రెండు నష్టాలు. పాత వాల్యూమ్ కంట్రోళ్ళు అడుగున, అంటే మొదటి ఒకటి రెండు గీతల దగ్గర ఎడమ కుడి సమానంగా నడవవు, తక్కువ సౌండ్‌లో వింటే పాట ఒక పక్కకి వాలిపోతుంది. రెండోది లౌడ్‌నెస్ బటన్.

లౌడ్‌నెస్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే "పాత రిసీవర్ సౌండే వేరు" అనే మాటలో సగం ఇక్కడే దాగుంది. తక్కువ శబ్దంలో మన చెవి బేస్‌ని సరిగ్గా వినదు, ట్రెబుల్‌ని కూడా కొంత, ఈ సంగతి బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో కర్వులు గీసి చూపించారు. అందుకని రిసీవర్లలో వాల్యూమ్ కంట్రోల్ మధ్యలోంచి ఒక తీగ తీసి, నాబ్ ఎంత కిందకి ఉంటే అంత బేస్ పెరిగేలా సర్క్యూట్ పెట్టారు, నాబ్ పైకి పోయేకొద్దీ ఆ పెంపు కరిగిపోతుంది. అప్పటి ట్యూనర్, టేప్ లెవెల్స్‌కి ఆ లెక్క సరిపోయేది. ఇప్పుడు 2 వోల్టులు ఇచ్చే సోర్స్ పెడితే ఏమవుతుంది? నాబ్ ఇంకా కిందే ఉంటుంది, లౌడ్‌నెస్ సర్క్యూట్ మాత్రం పాపం ఇంకా మెల్లగా వింటున్నారనుకుని బేస్ పూర్తిగా పోస్తుంది, గదిలో అప్పటికే శబ్దం గట్టిగా ఉంటుంది. వచ్చే ఫలితం లావుపాటి, వెచ్చటి, గుమ్మని బేస్, విన్నవాళ్ళు ఇదే వింటేజ్ మ్యాజిక్ అంటారు. బాగుంటే వినండి, తప్పేం లేదు, కానీ అది ట్రాన్సిస్టర్ల మహిమ కాదు. స్ట్రీమర్ వాల్యూమ్‌ని 60, 70 శాతానికి తగ్గించినా, లేదా ఆర్‌సీఏ పిన్నుకి, అంటే ఆక్స్‌లో గుచ్చే ఆ గుండ్రటి పిన్నుకి, తొడిగి సిగ్నల్‌ని 10 డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్ పెట్టినా నాబ్ పైకి వస్తుంది, రెండు పక్కలూ సమానమవుతాయి, లౌడ్‌నెస్ కూడా తన పని తాను తిన్నగా చేస్తుంది.

సోర్స్‌లో వాల్యూమ్ ఉండటం ఇంకోలా కూడా కలిసొస్తుంది, ఈ రిసీవర్లకి రిమోట్ ఉండదు మరి. నాబ్ ఒకచోట పెట్టి వదిలేసి సోఫాలోంచి ఫోన్‌తోనో స్ట్రీమర్ రిమోట్‌తోనో సర్దుకోవడమే.

టీవీ అయితే ఆప్టికల్ అవుట్‌కి చిన్న డాక్ తగిలించి దాన్ని ఆక్స్‌లోకి తేవడం అందరూ చేసేదే, చాలామంది ఇరుక్కునేది మాత్రం సెట్టింగ్ దగ్గర. టీవీ డిజిటల్ అవుట్ ఆటోలోనో డాల్బీలోనో ఉంటే మామూలు డాక్‌కి అది అర్థం కాదు, సైలెన్స్ గానీ గరగర గానీ వస్తుంది, టీవీ సెట్టింగ్‌ని పీసీఎమ్‌కి, అంటే మామూలు స్టీరియో డిజిటల్‌కి, మార్చాలి, అంతే. డాక్‌కి పవర్ టీవీ యూఎస్‌బీ నుంచే ఇచ్చినప్పుడు ఒక్కోసారి హమ్మింగ్ వస్తుంది, అప్పుడు వేరే అడాప్టర్ పెట్టి చూడండి. కేబుల్ టీవీ తీగ ద్వారా కూడా గ్రౌండ్ లూప్, అంటే రెండు దారుల్లో ఎర్త్ కలవడం వల్ల పుట్టే హమ్మింగ్, వస్తుంది, ఆ తీగ ఒక్కసారి పీకి చూస్తే దొంగ దొరికిపోతాడు, రిసీవర్ విప్పక్కర్లేదు.

టేప్ మానిటర్ స్విచ్ అనేది ఇప్పటివాళ్ళకి తెలియని వరం, శాపం కూడా. ఇది సిగ్నల్‌ని టేప్ అవుట్ ద్వారా బయటికి పంపి టేప్ ఇన్ ద్వారా వెనక్కి తీసుకునే లూప్. ఈక్వలైజర్ పెట్టుకోవచ్చు, రికార్డుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు, టేప్ అవుట్ మీద వాల్యూమ్ నాబ్ ప్రభావం ఉండదు కాబట్టి రికార్డింగ్ లెవెల్ మారదు. శాపం ఏంటంటే ఏమీ తగిలించకుండా ఆ బటన్ నొక్కి ఉంటే మొత్తం మూగబోతుంది, యాంప్ చచ్చిపోయిందని అమ్మేసినవాళ్ళు ఉంటారు, కొన్నవాళ్ళు బటన్ పైకి లేపి నవ్వుకుంటారు. ఇలాంటిదే వెనక ప్రీ అవుట్ (ప్రీయాంప్ నుంచి బయటికి), మెయిన్ ఇన్ (పవర్ యాంప్ లోపలికి) మధ్య ఉండే యూ ఆకారపు మెటల్ క్లిప్పులు. అవి పోయినా తుప్పు పట్టినా ఒక ఛానెలో రెండూనో రావు, మామూలు చిన్న ఆర్‌సీఏ కేబుల్‌తో కలిపితే సరి.

యూరప్‌లో తయారైన పాత రిసీవర్లు, గ్రుండిగ్, సాబా, టెలిఫుంకెన్, బ్యాంగ్ అండ్ ఒలుఫ్‌సెన్ లాంటివి, తీసుకుంటే సాకెట్లు ఆర్‌సీఏ బదులు గుండ్రటి 5 పిన్నుల డిన్ ఉంటాయి, స్పీకర్లకి కూడా 2 పిన్నుల డిన్. కన్వర్టర్ కేబుల్స్ దొరుకుతాయి. కొన్ని పయనీర్లకీ సాన్సుయిలకీ స్పీకర్ ప్లగ్ సొంత డిజైన్, కొనేముందు అవి ఉన్నాయో లేదో అడగండి.

స్పీకర్ల విషయంలో ఒకటే జాగ్రత్త, ఓమ్‌లు. ఏ, బీ అని రెండు జతలు తగిలించుకునే వీలుంటుంది, రెండూ ఒకేసారి నొక్కితే చాలా రిసీవర్లలో అవి ప్యారలల్ అవుతాయి, 8 ఓమ్‌ల జతలు రెండు కలిస్తే 4 ఓమ్‌లు, 4 ఓమ్‌లవి రెండైతే 2, అక్కడ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోవడానికి ఎక్కువసేపు పట్టదు. వెనకాల లేబుల్ మీద రాసే ఉంటుంది, ఒక జతకి ఇన్ని ఓమ్‌లు, రెండు జతలకి ఇన్ని అని, అది చదవకుండా దాటెయ్యొద్దు. కొన్ని చిన్న మోడళ్ళు ఏ ప్లస్ బీ నొక్కితే సిరీస్‌లో పెడతాయి, అప్పుడు కాలే భయం లేదు గానీ ఒక జతే తగిలించి ఆ బటన్ నొక్కితే సౌండే రాదు, అదో గాభరా. ఇప్పటి స్పీకర్లలో చాలావాటికి ఇంపెడెన్స్ 8 అని రాసున్నా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 4 కిందకి దిగుతుంది, సెన్సిటివిటీ కూడా తక్కువ, కాబట్టి పాత రిసీవర్‌తో గట్టిగా వినే అలవాటుంటే ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న, లోడు తేలికైన స్పీకర్లు చూసుకోవాలి. స్ప్రింగ్ క్లిప్పుల్లో తీగ దూర్చేటప్పుడు ఒక్క పోగు పక్క టెర్మినల్‌ని తాకినా షార్ట్. సబ్‌వూఫర్‌కి వేరే అవుట్ ఉండదు, స్పీకర్ లెవెల్ ఇన్‌పుట్ ఉన్న సబ్ అయితే స్పీకర్ టెర్మినల్స్ నుంచే తీగలు తీసుకోవచ్చు.

ఇంతవరకూ భాష సంగతి, అంతా సాఫీనే. ఒళ్ళు దగ్గరికి వస్తే కథ మారుతుంది. ఏళ్ళ తరబడి అటక మీద పడున్న రిసీవర్‌ని తెచ్చి దులిపి నేరుగా ప్లగ్‌లో పెట్టడం అన్నింటికంటే పెద్ద తప్పు. రిపేర్ చేసేవాళ్ళు ముందు సిరీస్ ల్యాంప్ మీద వేస్తారు, అంటే 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బుని మెయిన్స్‌కి సిరీస్‌లో పెట్టి దాని ద్వారా కరెంట్ ఇస్తారు, ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి భగ్గుమని వెలిగి మెల్లగా మసకబారితే ఛార్జ్ దాచుకునే కెపాసిటర్లు నిండాయి, లోపల షార్ట్ లేదు అని. అలాగే వెలుగుతూ ఉండిపోతే లోపల ఏదో పోయింది, అప్పుడు పోవాల్సిన కరెంట్ అంతా బల్బు మింగేసింది కాబట్టి మిగతా పార్టులు బతికిపోయాయి. మెయిన్స్ తీగలతో పని కాబట్టి ఇది తెలిసినవాళ్ళే చెయ్యాలి. మూత తీస్తే పెద్ద కెపాసిటర్లలో ప్లగ్ పీకేసిన తర్వాత కూడా ఛార్జ్ ఉంటుంది, పెద్ద మోడళ్ళలో అటు 60 ఇటు 60 వోల్టుల పైనే, అది సరదా కాదు.

రెండో పరీక్ష డీసీ ఆఫ్‌సెట్, అంటే పాట లేకపోయినా స్పీకర్ వైపు కారే డీసీ వోల్టేజ్, దీనికి మూత తియ్యక్కర్లేదు, చవక మల్టీమీటర్ ఉంటే చాలు. స్పీకర్లు పీకేసి, వాల్యూమ్ సున్నా చేసి, ఆన్ చేసి కాసేపు ఆగి స్పీకర్ టెర్మినల్స్ మీద డీసీ మిల్లీవోల్టులు చూడాలి. 30 లోపు అయితే నిశ్చింత, 50 దాకా పర్వాలేదు, 100 దాటితే స్పీకర్ తగిలించే ముందు చూపించుకోవాలి. చాలావాటిల్లో ప్రొటెక్షన్ రిలే ఉంటుంది, ఆన్ చేశాక కొన్ని సెకన్లకి వినిపించే టక్ అదే, లోపల డీసీ ఎక్కువుంటే ఆ టక్ రాదు, స్పీకర్లని కాపాడుతోందన్నమాట. దాన్ని చూసి రిలే పాడైందని బైపాస్ చేసే మహానుభావులు ఉన్నారు, అలా చేస్తే తర్వాత పాడయ్యేది వూఫర్. 70ల మొదట్లో వచ్చిన కొన్నింటికి రిలేనే ఉండదు, అవుట్‌పుట్‌లో పెద్ద కెపాసిటర్ అడ్డం ఉండి డీసీని ఆపుతుంది, అది లీక్ అయితే తప్ప భయం లేదు. ఏదైనా సరే మొదటి వారం పాత, పోయినా బాధలేని స్పీకర్ల మీద నడపండి.

ఒక పక్క రావట్లేదు, నాబ్ తిప్పితే బరబరమంటోంది, బటన్ గట్టిగా నొక్కితే వస్తోంది, ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం పార్టు పోవడం వల్ల కాదు, స్విచ్‌ల లోపల పేరుకున్న మకిలి వల్ల. ప్రతి స్విచ్‌నీ ప్రతి నాబ్‌నీ పాతిక ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పితేనే సగం పోతుంది, మిగతాదానికి ఎలక్ట్రానిక్స్ కోసం అమ్మే కాంటాక్ట్ క్లీనర్ లోపలికి కొట్టి మళ్ళీ తిప్పాలి. తలుపు బందులకి కొట్టే మామూలు స్ప్రే కొట్టకండి, అది జిడ్డు వదులుతుంది, దుమ్ము అంటుకుంటుంది, ఆర్నెల్లకి మళ్ళీ మొదటికొస్తుంది. మెల్లగా వింటే ఒక ఛానెల్ మాయమై, వాల్యూమ్ పెంచగానే టప్పున వచ్చేస్తే అది చాలాసార్లు రిలే కాంటాక్టులు నల్లబడటం.

కెపాసిటర్ల దగ్గర మాత్రం భిన్నాభిప్రాయాలు గట్టిగానే ఉన్నాయి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల తడి ఉంటుంది, అది ఏళ్ళకొద్దీ ఆరిపోతుంది, వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపు అనేది వాడుకలో ఉన్న లెక్క, అందుకే హీట్ సింక్ పక్కన ఉన్నవి ముందు పోతాయి, దూరంగా ఉన్నవి యాభై ఏళ్ళైనా కొలతకి సరిగ్గా నిలబడుతుంటాయి. మొత్తం మార్చెయ్యాలి అనేవాళ్ళ వాదన, ఎలాగూ విప్పాం కదా అని. కానీ వందకి పైగా సోల్డర్ జాయింట్లు ఊడదీసి పెట్టేటప్పుడు పాత బోర్డు మీద ట్రాక్ లేచిపోవడం, ప్లస్ మైనస్ తారుమారు కావడం, పనిచేస్తున్న రిసీవర్ పనిచెయ్యకుండా పోవడం మామూలే. ముందు పవర్ సప్లై, ప్రొటెక్షన్ బోర్డు, తర్వాత సిగ్నల్ దారిలో ఉన్నవి, ఇలా కొలుచుకుంటూ పోవడమే తెలివైన పని. కెపాసిటర్లకంటే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి కూడా, కెపాసిటర్లని పట్టి ఉంచడానికి అప్పట్లో పోసిన జిగురు ముదురు గోధుమ రంగుకి తిరిగితే అది పార్టుల కాళ్ళని తినేస్తుంది, కరెంట్ కూడా పారనిస్తుంది. హిటాచీ 2ఎస్‌సీ458 లాంటి కొన్ని చిన్న ట్రాన్సిస్టర్లు వయసుతో చిటపటలాడటం రిపేర్ వాళ్ళందరికీ తెలిసిన సంగతే.

ఏ దశాబ్దం సరుకు అనేది రిపేర్ విషయంలో చాలా తేడా తెస్తుంది. 70ల వాటిల్లో పవర్ ట్రాన్సిస్టర్లు విడివిడిగా ఉంటాయి, పోతే సరిసమానమైనవి ఇప్పటికీ దొరుకుతాయి. 70ల చివరి నుంచి 80ల్లో చాలా కంపెనీలు సాన్యో వాళ్ళ ఎస్‌టీకే అనే రెడీమేడ్ పవర్ మాడ్యూళ్ళకి మారాయి, మొత్తం యాంప్ ఒకే నల్ల బిళ్ళలో, తయారీ చవక. అది కాలిపోతే అసలుది దొరకడం కష్టం, పేరు గుద్దిన నకిలీలు మాత్రం బోలెడు. వినడానికి ఎస్‌టీకేలు చెడ్డవేం కాదు, కానీ పదేళ్ళు వాడుకోవాలనుకునేవాళ్ళకి విడి ట్రాన్సిస్టర్లున్నదే మేలు. వెండి ముఖాల మోజు వల్ల 80ల నల్ల ముఖాలని ఎవరూ పట్టించుకోరు, వాటిల్లోనూ మంచివి ఉన్నాయి, డిజిటల్ ట్యూనింగ్‌తో స్టేషన్ జారకుండా నిలబడేవి. 70ల నాటి నాలుగు ఛానెళ్ళ క్వాడ్రఫోనిక్ రిసీవర్లు కూడా అంతే, ఆ ఫార్మాట్లు పోయాయి గానీ కొన్నింటిలో నాలుగు యాంప్‌లని రెండుగా కలిపి స్టీరియోలో ఎక్కువ పవర్ తీసుకునే స్విచ్ ఉంటుంది.

వోల్టేజ్ చూడకుండా ఎక్కడిదో తెప్పించుకుంటే కష్టం. జపాన్ లోకల్ మోడల్ 100 వోల్టులు, అమెరికాది 120, 230 ఉన్న చోట నేరుగా పెడితే పొగే. చాలా ఎగుమతి మోడళ్ళకి వెనకాల వోల్టేజ్ సెలెక్టర్ ఉంటుంది, అది లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, రిసీవర్ మీద రాసిన వాట్లకంటే గట్టి మిగులుతో. 60 హెర్ట్జ్ కోసమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ మీద ఇంకాస్త వేడెక్కుతుంది. వెనకాల ఇచ్చిన ఏసీ అవుట్‌లెట్లలో ఇంకేదీ గుచ్చకండి, యాభై ఏళ్ళ పవర్ స్విచ్ తన బరువు మోయడమే ఎక్కువ. రిసీవర్ పైన ఏదీ పెట్టకండి, గాలి జాలీ అక్కడే ఉంటుంది. స్టాండ్‌బై అంటూ లేదు, పాట లేకపోయినా పదుల వాట్లు తింటూ వెచ్చగా కూర్చుంటుంది, విని లేచేటప్పుడు ఆపెయ్యడమే.

మరి కొత్త యాంప్ కంటే బాగుంటుందా అంటే, కొలతల్లో ఉండదు. టీపీఏ3255 లాంటి చిప్పుతో చేసిన అరచేతి సైజు క్లాస్ డీ యాంప్ చాలా పాత రిసీవర్లకంటే తక్కువ నాయిస్‌తో, తక్కువ కరెంట్‌తో అదే పవర్ ఇస్తుంది. పాతదాంట్లో దొరికేవి వేరు. వేరే డబ్బా కొనక్కర్లేకుండా మంచి ఫోనో స్టేజ్, చేతికందే టోన్ కంట్రోళ్ళు, నాలుగైదు ఇన్‌పుట్‌లు, రెండు జతల స్పీకర్లకి స్విచ్, హెడ్‌ఫోన్ సాకెట్, సర్వీస్ మాన్యువల్ చూసి ఎవరైనా రిపేర్ చెయ్యగలిగే సర్క్యూట్. రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్ళకి ఈ లెక్క బాగా కుదురుతుంది, అయితే ప్లేయర్‌లోనే ప్రీయాంప్ ఉంటే దాన్ని ఆఫ్ చేసి ఫోనోలో పెట్టాలి, లేదా ఆన్‌లో ఉంచి ఆక్స్‌లో పెట్టాలి, రెండూ కలిపితే మళ్ళీ బురదే. స్ట్రీమింగ్ ఒక్కటే వినేవాళ్ళు, విప్పడం కడగడం అంటే చిరాకు ఉన్నవాళ్ళు కొత్తది కొనుక్కోవడమే సుఖం, ఇందులో చిన్నతనం ఏం లేదు. ప్రీ అవుట్ ఉన్న రిసీవర్ అయితే సగం సగం కూడా కుదురుతుంది, పవర్ సెక్షన్ పోయినా ముందు భాగాన్ని ప్రీయాంప్‌గా ఉంచుకుని చిన్న కొత్త పవర్ యాంప్ తగిలించుకోవచ్చు.

డయల్ బల్బుల గురించి ఒక మాట. అసలువి ఫ్యూజ్ ఆకారపు 8 వోల్టుల దీపాలు, వేడికి వెనక కాగితం గోధుమ రంగులోకి కాలిపోతుంది, వాటి బదులు ఎల్ఈడీలు పెడుతున్నారు. పెట్టొచ్చు, కానీ నీలం తెలుపు కాంతివి పెడితే ముఖం డెంటల్ క్లినిక్‌లా తయారవుతుంది, కొన్నింట్లో ఆ లైన్ ఏసీ కాబట్టి మినుకుమినుకుమంటాయి కూడా.

చివరికి మిగిలింది ట్యూనర్, మొత్తం పెట్టెలో భాష పాతబడే ప్రమాదం ఉన్న భాగం ఇదొక్కటే. నార్వే 2017లోనే జాతీయ స్టేషన్లని ఎఫ్ఎం నుంచి తీసేసి డీఏబీ అనే డిజిటల్ రేడియోకి మార్చేసింది, అలాంటి చోట డయల్ అలంకారమే. జపాన్ లోకల్ మోడళ్ళ ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే, 87.5 నుంచి 108 దాకా ఉన్న దేశాల్లో అది పట్టేది మొదటి రెండు మూడు స్టేషన్లు. అమెరికా మోడల్‌కి డీఎంఫసిస్ (ప్రసారంలో పెంచి పంపిన ట్రెబుల్‌ని తిరిగి తగ్గించే సర్దుబాటు) 75 మైక్రోసెకన్లు, 50 వాడే దేశాల్లో వింటే ట్రెబుల్ కొంచెం మూసుకుపోయినట్టుంటుంది, ట్రెబుల్ నాబ్ ఒక గీత తిప్పితే చాలా మటుకు సరిపోతుంది. ఇవేవీ అడ్డం లేకుండా స్టేషన్లు అందుబాటులో ఉండి కూడా రేడియో గరగరమంటుంటే, ట్యూనర్ లోపలి సర్దుబాటు, అంటే అలైన్‌మెంట్, చేయించాలి అని పెట్టె మోసుకెళ్ళే ముందు వెనకాల యాంటెన్నా స్క్రూలు చూడండి, చాలాసార్లు వాటికి ఏమీ తగిలించి ఉండదు. టీ ఆకారంలో కట్టిన దాదాపు మీటరున్నర చదును తీగని 300 ఓమ్‌ల స్క్రూలకి బిగించి గోడకి అడ్డంగా కొట్టి, స్టీరియో దీపం ఏ దిక్కున స్థిరంగా వెలుగుతుందో చూసుకుంటే, ఆ కాలపు ట్యూనర్ ఎంత దూరం వినగలదో అప్పుడు తెలుస్తుంది.